ఖాళీ అయిన గోదాములు, నిండిన షెడ్లు

సుమారు 1980 నుంచి మోపెడ్లు, లారీలు తయారవుతున్న హోసూరు చుట్టూ బుష్‌లు, బ్రాకెట్లు, గేర్లు, వాషర్లు చేసి ఇచ్చే చిన్న షెడ్లు ఎన్నో వెలిశాయి. తెలుగు, తమిళం, కన్నడం ఒకే మాటలో కలిసి వినిపించే ఈ షెడ్ల యజమానులకు పెద్ద కర్మాగారాల కొనుగోలు విభాగాలు విధించే షరతులు రెండు రకాలు. సరుకు కావలసిన వేళకు, కావలసినంత మాత్రమే పంపాలన్నది మొదటిది. పర్యావరణానికి హాని లేకుండా తయారు చేసి, అందుకు లెక్క చూపాలన్నది రెండవది. మొదటి దానిని ‘లీన్’ అనీ, రెండవ దానిని ‘గ్రీన్’ అనీ యాజమాన్య శాస్త్రం పేర్కొంటోంది. ఈ రెండూ కవల పిల్లలని ఆ శాస్త్రజ్ఞుల మాట. షెడ్డు నాలుగు గోడల మధ్య ఆ మాటలో నిజం ఉంది. గేటు దాటిన తర్వాతనే చిక్కంతా.

లీన్ విధానానికి మూలపురుషుడు టొయోటా ఇంజనీరు తాయిచీ ఓనో. అవసరానికి మించిన ఉత్పత్తి, నిరీక్షణ, అనవసర రవాణా, అక్కరలేని పని, అధిక నిల్వ, వృథా కదలికలు, లోపభూయిష్టమైన సరుకు అనే ఏడు రకాల వృథాను ఆయన గుర్తించాడు. లేత్ మీద ఒక గేరు చెడిపోతే దానితోపాటు ఉక్కు, విద్యుత్తు, కూలంట్ నూనె, కార్మికుని శ్రమ అన్నీ చెడిపోయినట్లే. గాలి గొట్టం కారుతూ ఉంటే కంప్రెసర్ రాత్రింబవళ్ళు తిరుగుతుంది, బిల్లు పెరుగుతుంది, ఎక్కడో బొగ్గు మండుతుంది. ఇక్కడ పొదుపు, పర్యావరణం నిస్సందేహంగా ఒక్కటే. అయితే ఓనో జాబితాలో పొగకు గానీ, ప్లేటింగ్ తొట్టెల నుంచి వెలువడే మురుగు నీటికి గానీ చోటు లేదన్నది గమనార్హం. చౌకగా పారబోయగలిగిన దానిని ఏ ఖాతా పుస్తకమూ వృథాగా పరిగణించదు.

ఇక రోడ్డు సంగతి. రోజుకొక నిండు లారీతో పోయే సరుకును నాలుగు దఫాలుగా పంపమంటే సగం ఖాళీగా ఉన్న టెంపోలు నాలుగుసార్లు తిరగాలి. కర్మాగారంలో నిల్వ తగ్గుతుంది, అత్తిబెలె దారిలో పొగ పెరుగుతుంది. 1990ల తొలినాళ్ళలో జపాన్‌లోనే ఈ విధానం రోడ్ల రద్దీని పెంచుతోందన్న విమర్శ తలెత్తింది. దానికి పరిష్కారం లేకపోలేదు. పాలవ్యాను ఊరూరా ఆగి క్యాన్లు ఎక్కించుకున్నట్లు, ఒకే లారీ పలువురు సరఫరాదారుల వద్ద ఆగి సరుకు సేకరించే పద్ధతికి ‘మిల్క్ రన్’ అని పేరు. 1999లో బెంగళూరు సమీపాన బిడదిలో ఉత్పత్తి ప్రారంభించిన టొయోటా కిర్లోస్కర్, ట్రాన్స్‌పోర్ట్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా, జపాన్‌కు చెందిన మిత్సుయి కలిసి నెలకొల్పిన సంస్థకు ఈ బాధ్యత అప్పగించింది. ఈ పద్ధతిలో లారీని పంపేదీ, వేళలు నిర్ణయించేదీ కొనుగోలుదారే. ఎవరి సరుకు వారే తెచ్చి అప్పగించాలన్నచోట మాత్రం చిన్న షెడ్డు యజమాని ఎంత పర్యావరణ స్పృహ ఉన్నవాడైనా టెంపోను నింపలేడు.

అట్టపెట్టెలకు బదులు మళ్ళీ మళ్ళీ వాడే ప్లాస్టిక్ ట్రేల విషయంలోనూ ఇదే తంతు. ట్రేలు మేలైనవే. కానీ ఖాళీ ట్రేలు తిరిగి రావాలి కదా! మిల్క్ రన్ లారీ అయితే వచ్చేటప్పుడు వాటిని తెచ్చి, పోయేటప్పుడు సరుకు తీసుకుపోతుంది. అది లేనిచోట గాలిని మోసుకువచ్చే టెంపోకు బాడుగ షెడ్డు యజమానే చెల్లించాలి.

నిల్వ విషయం మరింత ఆలోచింపదగినది. అసెంబ్లీ లైను ఆగితే జరిమానా పడుతుందన్న భయంతో చిన్న సంస్థలు వారానికి సరిపడా సరుకును తమ వద్దనే పేర్చి ఉంచుకుంటాయి. పెద్ద గోదాము ఖాళీ అయిందంటే సరుకు మాయమైందని కాదు, అప్పుకు వడ్డీ కట్టే చేతికి మారిందని అర్థం. 2011 నాటి భూకంపం, సునామీల అనంతరం టొయోటాయే కీలకమైన చిప్‌లను కొన్ని నెలలకు సరిపడా నిల్వ ఉంచాలని సరఫరాదారులను కోరింది. 2021లో చిప్‌ల కొరత తలెత్తినప్పుడు ఆ ముందుచూపు తొలి నెలల్లో అక్కరకు వచ్చింది. నిల్వ అంతా వృథా కాదని ఆ విధానాన్ని కనిపెట్టిన సంస్థకే బోధపడినా, దాని ఖర్చు ఎవరు భరించాలన్న ప్రశ్న మిగిలే ఉంది.

పర్యావరణ లెక్కలూ ఇదే బాట పట్టే సూచనలున్నాయి. అగ్రశ్రేణి 250 లిస్టెడ్ కంపెనీలు తమ సరఫరాదారుల పర్యావరణ వివరాలను కూడా వెల్లడించాలని సెబీ 2023 జూలైలో నిర్దేశించింది. 2025 మార్చిలో దానిని స్వచ్ఛందం చేసింది. మొత్తం కొనుగోళ్ళలో 2 శాతం, అంతకు మించిన వాటా గల సరఫరాదారులకే ఈ నిబంధన వర్తిస్తుంది కనుక చిన్న షెడ్లు దీని పరిధిలోకి రావని సరిపెట్టుకోవచ్చు. కానీ ఆ 2 శాతం సంస్థకు జాబ్ వర్కు చేసేది ఈ షెడ్లే. పైవాడు అడిగిన లెక్కను అతడు కిందివాడిని అడుగుతాడు. సెబీ సడలించినంత మాత్రాన కొనుగోలు ఒప్పందాల్లోని షరతులు సడలవు.

కేంద్ర ప్రభుత్వం మాత్రం ఈ కవలలను వేర్వేరు ఇళ్ళలో పెంచుతోంది. 2016లో మొదలై 2022లో కొత్త రూపు దాల్చిన ‘జెడ్’ ధ్రువీకరణ పథకం కింద రుసుములో సూక్ష్మ సంస్థలకు 80 శాతం, చిన్న సంస్థలకు 60 శాతం రాయితీ ఉంది. 2023 మార్చిలో ప్రారంభమైన లీన్ పథకం కింద సలహాదారుల రుసుములో 90 శాతం కేంద్రమే భరిస్తుంది. రెండూ ఒకే మంత్రిత్వ శాఖవి, రెంటికీ దరఖాస్తులు వేరు, తనిఖీలు వేరు. పది మంది పనిచేసే షెడ్డులో యజమానే ఫోర్‌మన్, యజమానే గుమాస్తా. అతడు ఎన్ని ఫారాలు నింపగలడు?

సలహాలకు రాయితీ దొరుకుతుంది గానీ కొత్త కంప్రెసర్‌కు, కూలంట్ వడపోత యంత్రానికి డబ్బు సరుకు బిల్లుల నుంచే రావాలి. 2006 నాటి చట్టం ప్రకారం ఒప్పందం ఉన్నా 45 రోజుల్లోగా చెల్లించక తప్పదు. గడువు మీరితే ఆ మొత్తానికి అదే ఏడాది ఆదాయపు పన్నులో మినహాయింపు దక్కకుండా 2023లో సవరణ కూడా తెచ్చారు. సరుకు గంట ఆలస్యమైతే జరిమానా రాసే కొనుగోలు విభాగాలు, తాము చెల్లించవలసిన బిల్లులకు, ఖాళీ ట్రేల బాడుగకు, నిల్వ సరుకుపై వడ్డీకి ఒప్పందంలో ఏ గడువు, ఏ వాటా రాస్తాయన్నది హోసూరు షెడ్లు వచ్చే ఏడాది ధరల చర్చలోనే అడగవలసిన విషయం.