ఇంటిపోరు – చేజారిన అవకాశం

బెంగుళూరు విధానసౌధలో 2019 జూలై 23న జరిగినది నేత కుటుంబాలవారు మరువరాదు. కాంగ్రెసు, జనతాదళ్ (సెక్యులర్) కలిసి 2018 మేలో ఏర్పరచిన శ్రీ కుమారస్వామి ప్రభుత్వం, సొంత సభ్యులే రాజీనామాలకు దిగగా, విశ్వాస తీర్మానంలో 99–105 ఓట్లతో ఓడింది. రైతుల అప్పుల మాఫీ తలపెట్టిన ఆ ప్రభుత్వం నేతగాండ్ర అప్పులు మాఫీ చేయకమునుపే పోయింది. మూడవ నాడే, జూలై 26న, ముఖ్యమంత్రి అయిన శ్రీ యడియూరప్ప సుమారు 100 కోట్ల రూపాయల నేత ఋణాలు రద్దు చేస్తామని ప్రకటించారు. చేతికందిన పేరును పాతవారు తమ కలహంతో ఎదుటిపక్షానికి అప్పగించారన్నమాట.

ఇది కొత్త తెగులు కాదు. మద్రాసులో ఖద్దరుకు అండగా నిలిచిన ప్రకాశం పంతులుగారిని 1947లో సొంత పక్షంవారే దించారు.

మాకు ఏ పక్షంతోనూ వైరం లేదు. పడుగు చిక్కుపడితే ఎంత పనివాడైనా గుడ్డ దింపలేడు. కనుక మన అర్జీని ఒక్క మంత్రి చేతిలో, ఒక్క వర్గం చేతిలో పెట్టి కూర్చోరాదు. ఆ వర్గం పడినప్పుడు అర్జీ కూడా పడుతుంది. అన్ని పక్షాల శాసనసభ్యులకూ ప్రతులిచ్చి, సభలో ప్రశ్న వేయించాలి.

మన సంఘాలలోనూ వర్గాలు పెంచుకొనరాదు. మనలో మనకు పొత్తు లేనినాడు మన మాటకు సభలో విలువ ఉండదు.