ఒకే తుపానుకు రెండు గాలి వేగాలు ఎందుకు? ఉప్పల్, నాచారం వాసులు ఏ అంకె చూడాలి?

తుపాను వార్తలు వచ్చినప్పుడల్లా గాలి వేగంపై ఒక్కొక్కరు ఒక్కో అంకె చెబుతుంటారు. 2014 అక్టోబరు 12న విశాఖపట్నం వద్ద తీరం దాటిన హుద్‌హుద్‌నే తీసుకుందాం. భారత వాతావరణ శాఖ (ఐఎండీ) లెక్కలో దాని గరిష్ఠ వేగం 100 నాట్లు. ఒక నాటు అంటే గంటకు 1.852 కి.మీ. కాబట్టి అది దాదాపు 185 కి.మీ. అమెరికా రక్షణ శాఖకు చెందిన జాయింట్ టైఫూన్ వార్నింగ్ సెంటర్ మాత్రం 115 నాట్లు, అంటే సుమారు 213 కి.మీ. అని లెక్కగట్టింది. గాలి ఒక్కటే అయినప్పుడు అంకెలు ఎందుకు మారాయి?

ఎంతసేపటి సగటు?

గాలి ఒకే వేగంతో వీచదు. అందుకే కొంతసేపు కొలిచి సగటు తీస్తారు. ఆ ‘కొంతసేపు’ ఎంత అన్నదే అసలు తేడా. ప్రపంచ వాతావరణ సంస్థ ప్రమాణం 10 నిమిషాలు. ఐఎండీ తుపానులకు 3 నిమిషాల సగటు, అమెరికా సంస్థలు 1 నిమిషం సగటు తీసుకుంటాయి. వ్యవధి తగ్గేకొద్దీ మధ్యలో వచ్చే ఉద్ధృతి ఎక్కువగా పట్టుబడుతుంది, అంకె పెరుగుతుంది. సముద్రంపై 1 నిమిషం సగటును 10 నిమిషాల సగటుగా మార్చాలంటే 0.93తో గుణించాలని ప్రపంచ వాతావరణ సంస్థ మార్గదర్శకాలు చెబుతున్నాయి.

హుద్‌హుద్ అంకెల తేడా అంతా దీనివల్లే వచ్చిందనీ చెప్పలేం. నడిసంద్రంలో పరికరాలు చాలా తక్కువ కాబట్టి తుపాను తీవ్రతను ఎక్కువగా ఉపగ్రహ చిత్రాల ఆధారంగా అంచనా వేస్తారు. ఆ అంచనాల్లోనూ సంస్థకూ సంస్థకూ తేడా ఉంటుంది.

‘గస్ట్’ అంటే?

సాధారణంగా 3 సెకన్ల పాటు నమోదయ్యే గరిష్ఠ వేగమే గస్ట్. ప్రపంచ రికార్డు 1996 ఏప్రిల్ 10న ఆస్ట్రేలియాలోని బారో ద్వీపంలో, ఒలీవియా తుపాను సమయంలో నమోదైంది. గంటకు 408 కి.మీ. అది కూడా గస్టే. దాన్ని హుద్‌హుద్ 185తో పోలిస్తే లెక్క తప్పుతుంది. సగటును సగటుతో, గస్టును గస్టుతోనే పోల్చాలి.

హైదరాబాద్‌కు తుపానే రానక్కర్లేదు

ఉప్పల్, నాచారం ప్రాంతాలు సముద్రానికి చాలా దూరం. తీరం దాటిన తుపాను ఇక్కడికి వచ్చేసరికి బలహీనపడి, ఎక్కువగా వానగా మిగులుతుంది. ఇక్కడ గాలి ముప్పు ప్రధానంగా ఏప్రిల్, మే నెలల్లో ఉరుములతో వచ్చే ఈదురుగాలులదే. 2024 మే 26న రెమాల్ తుపాను బెంగాల్ తీరాన్ని తాకింది. అదే రోజు తెలంగాణలో గాలివాన బీభత్సానికి పదిమందికి పైగా మరణించారు. ఇలాంటి గాలి కొద్ది నిమిషాల్లో వచ్చిపోతుంది. కాబట్టి 10 నిమిషాల సగటు చూస్తే తీవ్రత కనిపించదు. ఇక్కడ చూడాల్సింది గస్టునే.

మన వీధిలో గాలిని కొలుస్తున్నారా?

గాలి వేగాన్ని కొలిచే పరికరం అనిమోమీటర్‌ను నేల నుంచి 10 మీటర్ల ఎత్తులో, చుట్టూ అడ్డంకులు లేని చోట పెట్టాలన్నది నిబంధన. పక్కనున్న చెట్టు లేదా భవనం ఎత్తుకు కనీసం పది రెట్ల దూరం ఉండాలి. ఇళ్లు కిక్కిరిసిన నాచారం, రామంతాపూర్ గల్లీల్లో అలాంటి చోటు దొరకడం కష్టం. ఇరుకు సందుల్లో గాలి ఒకచోట ఆగిపోతుంది, మరోచోట దూసుకుపోతుంది. అందుకే బేగంపేటలో నమోదైన వేగమే మీ వీధిలోనూ ఉందనుకోవద్దు. ఫోన్ యాప్‌లు చూపే వేగం చాలావరకు కంప్యూటర్ అంచనాయే.

ఎత్తుతో కూడా వేగం మారుతుంది. ఖాళీ ప్రదేశంలో 10 మీటర్ల ఎత్తులో ఉన్న వేగం 50 మీటర్ల ఎత్తుకు వెళ్లేసరికి దాదాపు 25 శాతం పెరుగుతుంది. మెట్రో మార్గం పక్కన లేస్తున్న అపార్టుమెంట్లలో పై అంతస్తుల వాళ్లు ఇది గుర్తుంచుకోవాలి.

వేగం రెట్టింపైతే ఒత్తిడి నాలుగింతలు

గాలి ఒత్తిడి వేగం వర్గానికి అనులోమంగా పెరుగుతుంది. 20 అడుగుల పొడవు, 10 అడుగుల ఎత్తున్న హోర్డింగ్‌పై 50 కి.మీ. గాలి వేసే ఒత్తిడి స్థూలంగా 220 కిలోల బరువుతో సమానం. అదే 100 కి.మీ. అయితే దాదాపు 880 కిలోలు. నాచారం పారిశ్రామికవాడలో రేకుల షెడ్లు, మేడలపై సరిగా బిగించని రేకులు ఎగిరిపోయేది అందుకే.

భవనాలపై గాలి భారానికి భారతీయ ప్రమాణం ఐఎస్ 875 మూడో భాగం ఉంది. అందులో హైదరాబాద్‌కు ప్రాథమిక గాలి వేగం సెకనుకు 44 మీటర్లు, అంటే గంటకు 158 కి.మీ. విశాఖకు సెకనుకు 50 మీటర్లు, 180 కి.మీ. ఇవి 3 సెకన్ల గస్టు అంకెలు. పైకి చూస్తే విశాఖ 180, హుద్‌హుద్ 185 పక్కపక్కనే ఉన్నట్టనిపిస్తాయి. కానీ 185 అనేది 3 నిమిషాల సగటు. అందులోని గస్టులు అంతకంటే చాలా ఎక్కువ.

మనం ఏం చేయాలి?

• హెచ్చరికలో వేగం కనిపిస్తే అది సగటా, గస్టా చూడండి. ఐఎండీ తక్షణ హెచ్చరికల్లో ఉరుములతో కూడిన గాలి 41-61 కి.మీ. అయితే మోస్తరు, 62-87 అయితే తీవ్రం. ఇవి గస్టు అంకెలే.

• షెడ్డు వేయించేటప్పుడు 158 కి.మీ. గస్టుకు తగ్గట్టు డిజైన్ చేశారా అని ఇంజినీరును అడగండి. బోల్టులు, అంచుల బిగింపు వేసవికి ముందే చూసుకోండి.

• గాలికి నష్టం జరిగి బీమా కోరుతుంటే ఫొటోలు, తేదీ, సమయం రాసిపెట్టుకోండి. దగ్గరి కేంద్రంలో నమోదైన గస్టు ఎంతో అడిగి తీసుకోండి. సగటు వేగం ఒక్కటే చూపితే నష్టానికి కారణమైన గాలి లెక్కలో తేలకపోవచ్చు.

• తీగలు తెగితే దగ్గరికి వెళ్లకుండా విద్యుత్ సంస్థ నంబరు 1912కు ఫోన్ చేయండి.