సిందాలా ఖబర్‌లో మజ్దూర్ ఎక్కడ?



2024 అక్టోబర్ 27న సౌదీలో, ఎర్ర సముద్రంలో సిందాలా అనే దీవి తెరుచుకుంది. వీడియో మా ఖాందాన్ వాట్సాప్ గ్రూపులోకి మరుసటి రోజు ఫజర్ వేళకే వచ్చేసింది. నీలం నీళ్ళు, తెల్లటి యాట్‌లు, మెరిసిపోయే హోటళ్ళు. కింద ముగ్గురు మాషా అల్లాహ్ అన్నారు, ఇద్దరు అస్తగ్‌ఫిరుల్లాహ్ అన్నారు. ఆ తీరంలోనే షట్టరింగ్ పని చేసి, తర్వాత వేరే ఊరి సైట్‌కి మారిన మా ఖాలా కొడుకు మాత్రం వాయిస్ మెసేజ్ పెట్టాడు: "భాయ్, సబ్ అచ్ఛా హై, హమారీ తన్‌ఖా కబ్ ఆతీ పూఛో." ఏ కంపెనీ అన్నది ఇక్కడ రాయను. వాడింకా అక్కడే ఉన్నాడు, ఇకామా వాళ్ళ చేతుల్లో ఉంది.

ఆ వారం ఈ రిసార్ట్ మీద నాకు దొరికిన ఖబర్లన్నీ చదివాను. తెలుగులో, ఉర్దూలో, ఇంగ్లీషులో. భాష మారింది కానీ ఖబర్ మారలేదు. 8.4 లక్షల చదరపు మీటర్ల దీవి, అంటే మన లెక్కలో రెండు వందల ఎకరాల పైచిలుకు. 440 గదులు, 88 విల్లాలు, 86 యాట్‌లు ఆగే మెరీనా. నియోమ్ ప్రాజెక్టు వాళ్ళు ఇచ్చిన ప్రకటన అది. దాన్నే కోసి, ఫోటో అంటించి వదిలారు. మన యూట్యూబ్ అన్నలైతే దానికి డప్పు కూడా జోడించారు.

అసలు "తెరుచుకుంది" అన్న మాటనైనా ఎవరూ పరఖ్ చేయలేదు. ఆ రోజు వచ్చింది దావత్ అందుకున్న మెహమాన్‌లు. మామూలు జనం డబ్బు కట్టి గది తీసుకునే ఏర్పాటు నెలలు గడిచినా కాలేదు. కొన్ని వారాలకే నియోమ్ పెద్ద అధికారి నద్మీ అల్ నస్ర్ ఆ కుర్చీలో లేరు. ఆ దావత్‌కు కనీసం 4.5 కోట్ల డాలర్లు ఖర్చయిందనీ, దీవి మీద పెట్టింది 400 కోట్ల డాలర్లకు దగ్గరపడిందనీ 2025లో వాల్ స్ట్రీట్ జర్నల్ రాసింది. తెరిచిన రోజు బాజా వాయించినవాళ్ళలో ఎంతమంది ఈ రెండో ఖబర్ ఇచ్చారో వెతికాను. వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు.

ఇక గుస్సా చూపించే ఖబర్లు. పడమటి పత్రికల సవాల్ ఒక్కటే: శరాబ్ పోస్తారా, బికినీ వేసుకోనిస్తారా? మనవాళ్ళ సవాల్ కూడా అదే, కాకపోతే వాళ్ళు ఉత్సాహంగా అడిగితే మనం కోపంగా అడిగాం. హరమైన్ జమీన్ మీద ఇదేంటని ఫార్వర్డ్‌లు తిరిగాయి. సిందాలా ఉండేది తబూక్ వైపు, మదీనాకు కొన్ని వందల కిలోమీటర్ల దూరంలో. అది ఎవరూ చూసుకోలేదు. శరాబ్ హరామ్, దాని మీద నాకు బహస్ లేదు. కానీ మజ్దూర్ చెమట ఆరకముందే మజ్దూరీ ఇవ్వాలన్నది కూడా మన దీన్ చెప్పిందే. గ్లాసులో ఏముందో తొంగిచూసే గైరత్ కూలీ జేబులో ఏముందో చూడదెందుకు?

ఆ తీరం నిన్నటిదాకా ఖాళీగా లేదు. హువైతాత్ కబీలా వాళ్ళు పుస్తుల నుంచీ అక్కడున్నారు. నియోమ్ కోసం ఊరు ఖాళీ చేయమంటే అబ్దుర్రహీమ్ అల్ హువైతీ అనే ఆయన వెళ్ళనని వీడియోలు పెట్టి, 2020 ఏప్రిల్‌లో భద్రతా బలగాల కాల్పుల్లో చనిపోయాడు. ఆయనే ముందు కాల్చాడని హుకూమత్ అంటుంది. అదే కబీలా వాళ్ళు ముగ్గురికి మరణశిక్ష వేయడం మీద 2023లో ఐక్యరాజ్యసమితి నిపుణులు మాట్లాడారు. రిసార్ట్ ఖబర్‌లో ఇదంతా "ఎవరూ అడుగుపెట్టని అందం" అయిపోయింది!

ఇక్కడ మన వైపు గల్తీ కూడా చెప్పుకోవాలి. అదే అక్టోబర్‌లో బ్రిటన్ ఐటీవీ ఒక డాక్యుమెంటరీలో, విజన్ 2030 మొదలైనప్పటి నుంచి ఇండియా, బంగ్లాదేశ్, నేపాల్ కార్మికులు 21 వేల మంది చనిపోయారంది. సౌదీ అధికారులు ఆ లెక్క తప్పన్నారు. మన ఫోన్‌లకు చేరేసరికి అది "నియోమ్‌లోనే 21 వేలు" అయింది. దేశం మొత్తం లెక్కను ఒక్క ప్రాజెక్టు మెడకు చుట్టడం ఇన్సాఫ్ కాదు. అలా చుడితే రేపు ఒక్క తప్పు పట్టుకుని మొత్తం అబద్ధమంటారు. అసలు బాధ అంకె కన్నా లోతుగా ఉంది. ఎన్నో మయ్యత్‌లు పోస్ట్‌మార్టమ్ లేకుండానే "సహజ మరణం" కాగితంతో తిరిగొస్తున్నాయని మానవ హక్కుల సంస్థలు చెబుతున్నాయి. పాతికేళ్ళవాడి గుండె నిద్రలో ఎందుకు ఆగిందో శంషాబాద్‌లో పెట్టె అందుకున్న తండ్రికి ఎవరూ చెప్పరు. 2024లో తెలంగాణ హుకూమత్ గల్ఫ్‌లో చనిపోయినవాళ్ళ ఘర్‌వాలాలకు 5 లక్షల ఎక్స్‌గ్రేషియా ప్రకటించింది. మంచిదే. కారణం మాత్రం ఆ చెక్కులో ఉండదు.

అక్కడి అఖ్బార్‌వాలాలు అడగలేరు, సరే. జమాల్ ఖషోగ్గీ 2018లో ఏమయ్యాడో దునియా చూసింది. మనకేం అడ్డం? తెలుగు విలేకరికి వీసా కూడా అక్కర్లేదు. రంజాన్‌లో తరావీహ్ అయ్యాక నిజామాబాద్‌లోనో, రాయచోటిలోనో ఏ మసీదు గడప దగ్గరైనా నిలబడితే చాలు, ఛుట్టీ మీద వచ్చినవాళ్ళు నలుగురు దొరుకుతారు. జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా మధ్యాహ్నం 12 నుంచి 3 వరకు ఎండలో పని చేయించకూడదని సౌదీ కానూన్ ఉంది, మీ సైట్‌లో ఆపారా అని అడగొచ్చు. 2021 నుంచి కొన్ని షరతుల మీద కఫీల్ ఒప్పుకోకపోయినా కంపెనీ మారొచ్చన్నారు, మారగలిగారా అని అడగొచ్చు. ఏజెంటుకు ఎంత కట్టారు, ఆ అప్పు తీరిందా అని అడగొచ్చు.

ఇవన్నీ గ్రూపులో రాస్తే మా మామూ "తూ హర్ ఖుషీ మే నుక్స్ నికాల్తా" అన్నారు. ఆయన కోపం నాకర్థమైంది. మక్కా, మదీనా ఉన్న ముల్క్ గురించి ఎవరైనా మంచి మాట చెబితే మన దిల్‌కు హాయిగా ఉంటుంది, మన దేశపు టీవీలో మన గురించి మంచి మాట వినపడటం అంత అరుదు మరి.

మావాడికి నాలుగు నెలల తన్‌ఖాలో రెండు నెలలది వచ్చింది. మొన్న ఖాలా ఇంకో సౌదీ రిసార్ట్ వీడియో పెట్టింది, నీళ్ళ మీద స్టీలు గుండ్లలా మెరిసే విల్లాలు. "మున్నా, నువ్వు పని చేసింది ఇదేనా బేటా?" అని కింద అడిగింది. వాడింకా చూడలేదు, డ్యూటీలో ఉన్నట్టున్నాడు.