బీపీ మాత్ర పక్కనే మనసు మాత్ర

అరికాళ్ల మంటలు, తల భారం, గుండె దడ, నిద్ర పట్టకపోవడం. ప్రాథమిక ఆరోగ్య కేంద్రం (పీహెచ్‌సీ) ఓపీ వరుసలో నిలబడ్డ నడివయసు స్త్రీలు చాలామంది చెప్పుకునేవి ఇవే. బీపీ చూస్తారు, బాగానే ఉంటుంది. బి-కాంప్లెక్సు, గ్యాసు మాత్రలు చేతిలో పెట్టి పంపుతారు. నెల తిరక్కముందే ఆమె మళ్లీ వస్తుంది, లేదంటే ఊళ్లో ఆర్ఎంపీ దగ్గర సెలైను ఎక్కించుకుంటుంది. 'ఏమ్మా, దిగులుగా ఉంటోందా?' అని మాత్రం ఎవరూ అడగరు. కుంగుబాటు ఒంటి నొప్పుల రూపంలో వస్తుందని డాక్టర్లకు తెలియక కాదు. అడిగి తెలుసుకున్నాక ఇవ్వడానికి అక్కడ తరచూ మందు ఉండదు.

మానసిక రుగ్మతలున్నవారిలో చికిత్స అందనివారు జబ్బును బట్టి 70 నుంచి 92 శాతమని 2015-16లో పన్నెండు రాష్ట్రాల్లో జరిపిన జాతీయ సర్వే తేల్చింది. సైకియాట్రిస్టుల సంఖ్య పెంచాలన్నది నిజమే. కానీ ఎంత పెంచినా ప్రతి మండలానికీ ఒకరు రారు. వారి కోసం ఎదురుచూడనక్కర్లేదని నలభై ఏళ్ల కిందటే మన సరిహద్దులో రుజువైంది.

అనంతపురం, కర్నూలును ఆనుకుని, తెలుగు వినిపించే బళ్లారి జిల్లాలో 1985లో బెంగళూరులోని మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్ ఒక ప్రయోగం మొదలుపెట్టింది. పీహెచ్‌సీ డాక్టర్లకు, ఆరోగ్య కార్యకర్తలకు కొద్దిపాటి శిక్షణ ఇచ్చారు. పిచ్చి అని ఊరు పేరు పెట్టిన తీవ్ర జబ్బులు, మూర్ఛ, కుంగుబాటు వంటివాటికి కొన్నే మందులు ఎంచి కింది కేంద్రాలకు పంపారు. తేలికైన రిజిస్టరు పెట్టారు. నెలనెలా సమీక్షించారు. నా దృష్టిలో బళ్లారి గెలుపు శిక్షణలో కంటే ఈ చివరి మూడింటిలోనే ఉంది. మాత్ర అయిపోకుండా చూసుకోవడం, రోగి రాకపోతే ఎందుకు రాలేదని అడగడం.

దాన్నే నమూనాగా తీసుకుని 1996లో జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం మొదలైంది. దేశమంతా విస్తరించింది కూడా. విస్తరణలో అసలు ప్రాణం జారిపోయింది. చాలాచోట్ల అది జిల్లా ఆస్పత్రిలో ఒక గది, ఒక బృందం, అప్పుడప్పుడు శిబిరంగా మిగిలింది. సాధారణ వైద్యంలో కలవాల్సింది మళ్లీ విడి పథకమైంది.

చట్టంలోనూ ఇదే చీలిక ఉంది. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 18వ సెక్షన్ ఈ సేవలను ప్రాథమిక స్థాయి నుంచి సాధారణ వైద్యంలో కలపాలంటుంది. అత్యావశ్యక మందులు ఉచితంగా ఉంచాల్సింది మాత్రం సామాజిక ఆరోగ్య కేంద్రం నుంచి పైకి అని అదే సెక్షన్ అంటుంది. పీహెచ్‌సీ గడపలోనే హామీ ఆగిపోయింది. ఇది చిన్న లోపం కాదు. కూలి మానుకుని, బస్సు ఛార్జీ పెట్టుకుని నెలనెలా పట్నం వెళ్లలేనివారు మాత్రలు మధ్యలోనే వదిలేస్తారు, జబ్బు తిరగబెడుతుంది.

ఊరి స్థాయిలోనే ఈ వైద్యం సాధ్యమని తెలుగు నేలపైనా తేలింది. పశ్చిమ గోదావరి పల్లెల్లో జరిగిన ఒక ప్రయోగంలో ఆశా కార్యకర్తలు ట్యాబ్‌లో కొన్ని ప్రశ్నలడిగి దిగులును, ఆందోళనను గుర్తించారు. పీహెచ్‌సీ డాక్టరుకు చికిత్సలో ట్యాబే తోడ్పడింది. అంతకుముందు సాయం కోరే అలవాటు దాదాపు లేని ఊళ్లలో జనం వైద్యానికి కదిలారు. మన ఆశాలు ఈ పని చేయగలరు.

అయితే వారి నెత్తిన ఇప్పటికే మోయలేనంత పని ఉంది. గర్భిణులు, టీకాలు, సర్వేలు, యాప్‌లు. ఇంకో పని అప్పగిస్తే దానికి వేరే డబ్బు ఇచ్చి తీరాలి. సేవాభావం పేరుతో ఊరకే చేయించుకోవడం అన్యాయం.

రెండు తెలుగు రాష్ట్రాలూ వెంటనే చేయగలిగినవి ఉన్నాయి. బీపీ, షుగరు పరీక్షలప్పుడే దిగులు గురించి రెండు ప్రశ్నలు అడగాలి. బీపీ, షుగరు రిజిస్టరులోనే దిగులున్నవారి పేర్లూ రాయాలి. పీహెచ్‌సీ ఇండెంటులో మనసు మందులను చేర్చాలి. చట్టం కోరింది కనీసమే, అంతకు మించి చేయవద్దని అనలేదు.

పాఠకులకు ఒక మనవి. ఈసారి మీ పీహెచ్‌సీకి వెళ్లినప్పుడు ఫార్మసిస్టును ఒక్క మాట అడగండి, కుంగుబాటుకు ఇచ్చే ఫ్లూక్సెటిన్ ఉందా అని. లేదంటే ఆ మాటనే మీ జిల్లా వైద్యాధికారికి రాతపూర్వకంగా పంపండి.