హాస్టలుకొక గాలి పంపు



వార్షికోత్సవం వచ్చిందంటే పాత విద్యార్థులం కలిసి హాస్టలుకు ఏదో ఒకటి ఇవ్వాలనుకోవడం మంచి ఆనవాయితీ. గోడ గడియారాలు, ఫొటోలు, షీల్డులు ఇస్తుంటాం. ఈసారి ఉదయగిరి, ఆత్మకూరు హాస్టళ్ళకు నిలబడి కొట్టే సైకిలు గాలి పంపు ఒక్కొక్కటి ఇద్దామన్నది మా అభిప్రాయం. నవ్వేవాళ్ళు నవ్వవచ్చు. కానీ ఇది పిల్లల చదువుకు సంబంధించిన మాట.

మన పిల్లలకు సైకిలు షోకు కాదు. బస్సు తప్పిన రోజు బడికీ, కాలేజీకీ చేర్చేది అదే. బీహారు ప్రభుత్వం 2006లో హైస్కూలు ఆడపిల్లలకు సైకిళ్ళు ఇవ్వడం మొదలుపెడితే, హైస్కూల్లో చేరే ఆడపిల్లల సంఖ్య సుమారు 32 శాతం పెరిగిందని కార్తీక్ మురళీధరన్, నిశీత్ ప్రకాశ్ అనే ఆర్థికవేత్తలు లెక్క తేల్చారు. మన రాష్ట్రంలోనూ 2017లో ‘బడికొస్తా’ పేరుతో ప్రభుత్వ బడుల ఆడపిల్లలకు సైకిళ్ళు పంచారు. అయితే సైకిలు ఒక్కసారి ఇస్తే చాలు, గాలి మాత్రం వారం వారం కావాలి.

మనది మెట్ట ప్రాంతం. దారి పొడవునా కంప ముళ్ళు, పల్లేరుకాయలు. ఎండకు వాల్వు ట్యూబు గట్టిపడి చిట్లిపోతుంది. గాలి తగ్గిన టైరుతోనే తొక్కితే ట్యూబు రిమ్ముకూ రాయికీ మధ్య నలుగుతుంది, టైరు పక్కలు పగులుతాయి. పది పైసల రోగానికి పది రూపాయల మందు అన్నట్లు అవుతుంది. చివరికి సైకిలు గోడకు ఆనుకుంటుంది, పిల్లవాడు మొదటి పీరియడు పోగొట్టుకుంటాడు. పంచరు షాపు తెరిచేదాకా బడి గంట ఆగదు కదా!

మరి ఎలాంటి పంపు కొనాలి? చేత్తో పట్టుకొని కొట్టే చిన్న పంపు వద్దు. ఆరో తరగతి పిల్లవాడికి దానితో చేతులు నొప్పే మిగులుతుంది. నిలువు పంపయితే ఒంటి బరువంతా పిడి మీద వేయవచ్చు. రెండు పాదాలూ ఆనేలా ఇనుప అడుగు, స్టీలు గొట్టం ఉండాలి. గొట్టం మరీ లావుదైతే గాలి త్వరగా ఎక్కుతుంది గానీ చివర్లో పిల్లల బలం చాలదు. ఫిజిక్సు పుస్తకంలో పీడనం పాఠం చదివినవారికి కారణం చెప్పనక్కరలేదు. మామూలు సైకిలు వాల్వుకూ, మోటారుసైకిలు రకం వాల్వుకూ రెండింటికీ నాజిల్ సరిపోవాలి. మీటరు ఉంటే మంచిదే. ఎంత గాలి పట్టాలో టైరు పక్కనే అచ్చువేసి ఉంటుంది.

కొనేముందు షాపులోనే ఒక పరీక్ష చేయండి. రబ్బరు ట్యూబు కొసను బొటనవేలితో గట్టిగా మూసి నాలుగుసార్లు కొట్టండి. పిడి ఎదురు తన్నాలి. మెత్తగా కిందికి దిగిపోతే ఎక్కడో గాలి కారుతున్నట్లే. అన్నిటికంటే ముఖ్యం, లోపలి వాషరు విడిగా దొరకాలి. ఆత్మకూరు బజారులో వాషరు దొరకని పంపు ఎంత మెరిసినా మనకొద్దు. తోలు వాషరుకు అప్పుడప్పుడు రెండు చుక్కల నూనె వేస్తే ఏళ్ళ తరబడి పనిచేస్తుంది. పిడి విరిగినా దిగులు లేదు, కొయ్య గరిటెలకు పేరుపడ్డ ఉదయగిరిలో పిడి చెక్కేవారికి కొదవా?

ఇక అసలు మాట. పంపును స్టోరు రూములో పెట్టి తాళం వేయవద్దని వార్డెను గార్లకు మా మనవి. పిల్లలు పాడుచేస్తారు, ఎవరో ఎత్తుకుపోతారు అన్న భయం మాకూ తెలుసు. దానికి వరండా స్తంభానికి గొలుసు వేయండి. నెలకొక విద్యార్థికి బాధ్యత అప్పగించండి. తాళం చెవి కోసం ఎదురుచూడాల్సి వస్తే పంపు ఉన్నా లేనట్లే. వాడితే అరిగేది వాషరు. వాడకపోతే పోయేది చదువు.

అన్నలూ, అక్కలూ! తలా ఇంత వేసుకుంటే రెండు హాస్టళ్ళకూ పంపులు, వాటితోపాటు నాలుగేసి వాషర్లు వస్తాయి. వచ్చే ఏడు సభకు వచ్చినప్పుడు ఎన్ని వాషర్లు అరిగాయో పిల్లల్నే అడుగుదాం.