సెలైన్ ఫొటో పెడితేనే జ్వరమా?

నందిగామలో ఒక వ్యాపార సంస్థ ఈమధ్య తన సిబ్బంది వాట్సాప్ గ్రూపులో ఒక ఫర్మానా పెట్టింది. ఒంట్లో బాగోక పనికి రాలేకపోతే ఉదయం ఏడింటిలోగా గ్రూపులో మెసేజ్ పెట్టాలి. దాంతోపాటు డాక్టరు చీటీ గానీ, ఆస్పత్రిలో ఉన్న ఫొటో గానీ జతచేయాలి. లేదంటే ఆ రోజు నాగా రాసి రెండు రోజుల జీతం కోస్తారు. సంస్థ పేరు రాయను. రాస్తే అక్కడ పనిచేస్తున్న మా బంధువుల కుర్రాడికి ఆ రెండు రోజులతో పోదు. ఫర్మానా కింద యజమాని గారు ఒక చమత్కారం కూడా తగిలించారు: మన ఏరియాలో జ్వరాలన్నీ సోమవారమే వస్తాయట. పక్కన కళ్లనీళ్లు వచ్చేలా నవ్వుతున్న బొమ్మ.

ఇది దారుణమని ఎవరైనా అంటారేమోనని చూశాను. ఒక్కరూ అనలేదు. టీ కొట్టు దగ్గర కదిపితే, జీతం కోయించుకునేవాళ్లు కూడా "డుమ్మాలు ఎక్కువైపోయాయి కదండీ, ఆయన మాత్రం ఏం చేస్తాడు" అన్నారు. జగ్గయ్యపేట నుంచి కంచికచర్ల దాకా బట్టల షాపుల్లో, ప్రైవేటు స్కూళ్లలో, ఫైనాన్సు ఆఫీసుల్లో ఇప్పుడిదే నీతి. జ్వరం వచ్చినవాడు ముందు ముద్దాయి. నిర్దోషినని తానే రుజువు చేసుకోవాలి, అదీ ఉదయం ఏడింటిలోపు. ఏడింటికి ఏ డాక్టరు తలుపు తీసి ఉంటాడో చెప్పే బాధ్యత మాత్రం ఫర్మానా రాసినవారికి లేదు.

ఆ గ్రూపులోని ఫొటోలు నేను చూశాను. అన్నీ ఒకటే తీరు. కిటికీ ఊచకు తగిలించిన సెలైన్ సీసా, తెల్ల ప్లాస్టరు అంటించిన ముంజేయి, కింద "సార్ ఫీవర్ సార్" అని రెండు సార్ల మధ్య ఇరుక్కున్న రోగం. దాని కింద సూపర్‌వైజరు బొటనవేలు. ఆ వేలు పడితే సెలవు మంజూరైనట్టు. మాత్ర వేసుకుని ఇంట్లో పడుకున్నవాడు ఏ ఫొటో పెడతాడు? దుప్పటిది పెడితే నిద్రపోతున్నావా అంటారు. థర్మామీటరుది పెడితే వేడినీళ్లలో ముంచావంటారు. సెలైన్ ఒక్కటే ఎవరూ కాదనలేని సాక్ష్యం. అందుకని మనవాడు వణుకుతూ బండి తీసి, ఆర్‌ఎంపీ గారిని నిద్రలేపి, "సూది వద్దు, సీసా పెట్టండి చాలు" అని బతిమాలుతున్నాడు.

ఆ అర లీటరు సీసాలో ఏముంది? నీళ్లు, నాలుగున్నర గ్రాముల ఉప్పు. వాంతులు విరేచనాలతో సొమ్మసిల్లినవాడికి అది ప్రాణం పోస్తుంది, కాదనను. మామూలు వైరల్ జ్వరానికి మాత్రం కావలసింది పారాసెటమాల్, నోటితో తాగే నీళ్లు, మంచం. ఆ మంచం ఒక్కటే ఈ నియమం దక్కనివ్వదు. సీసా పెట్టించుకోవడానికి దాదాపు రోజు జీతమంత అవుతుంది. ఉత్త చేతులతో పంపడం మర్యాద కాదని పైన ఒక యాంటీబయాటిక్ కోర్సు కూడా రాస్తారు. జీతం కోత తప్పించుకోవడానికి జీతమే ఖర్చుపెట్టి, అక్కర్లేని మందు మింగి, నరంలో అక్కర్లేని గొట్టం పెట్టించుకునే పద్ధతి ఇది. దీనికి వాళ్లు పెట్టుకున్న పేరు క్రమశిక్షణ.

ఆడపిల్లల సంగతి ఇంకా ఘోరం. చీరల కౌంటరులో పొద్దుటి నుంచి రాత్రి దాకా నిలబడే అమ్మాయికి నెలసరి నొప్పి వస్తుంది. గర్భం నిలవక ఆస్పత్రికి పోవలసి వస్తుంది. ఇవన్నీ ముప్పై మంది మగవాళ్ల ఫోన్లలో మోగే గ్రూపులో, ఫొటోతో సహా పెట్టాలా? ఆ అమ్మాయి కూడా "సార్ ఫీవర్ సార్" అనే రాస్తుంది. తర్వాత ఈ పెద్దమనుషులే మన స్టాఫ్ అబద్ధాలాడతారని వాపోతారు. ఆ అబద్ధం ఆడక తప్పని పరిస్థితి తెచ్చిందెవరు?

యజమానికి నలతగా ఉంటే మాత్రం "సార్ రెస్ట్‌లో ఉన్నారు" అంటారు. అక్కడ ఏ గొట్టం గానీ, ఏ ఫొటో గానీ అక్కర్లేదు.

సోమవారం జ్వరాల చమత్కారానికి జవాబు చిన్న లెక్కలో ఉంది. ఆదివారం సెలవు ఉన్నచోట ఆదివారం పడకేసినవాడూ, సోమవారం పడకేసినవాడూ మొదటిసారి గైరుహాజరయ్యేది సోమవారమే. ఇద్దరి జ్వరం ఒకే రోజు ఖాతాలో పడుతుంది. ఇక పెనుగంచిప్రోలు తిరుపతమ్మ తిరునాళ్లకు వచ్చే జ్వరం అబద్ధమేనని ఒప్పుకుంటాను. తిరునాళ్లకు సెలవు అడిగితే ఇచ్చే షాపు ఒక్కటి చూపించండి, ఆ జ్వరం పోకపోతే అప్పుడు అడగండి.

ఈ యజమానులందరికీ ఇంత ధైర్యం ఎక్కడి నుంచి వచ్చిందంటే, పైనుంచి. 2023లో ఇన్ఫోసిస్ నారాయణమూర్తి గారు వారానికి డెబ్బై గంటలు పనిచేయమన్నారు. 2025 జనవరిలో ఎల్ అండ్ టీ చైర్మన్ తొంభై అన్నారు, ఆదివారాలు కూడా పనిచేయించలేకపోతున్నందుకు విచారించారు. అదే ఏడాది జూన్‌లో మన రాష్ట్ర మంత్రివర్గం రోజు పనిగంటల పరిమితిని తొమ్మిది నుంచి పదికి పెంచాలని తీర్మానించింది. ఆ పెద్దల మాటల వీడియోలు చూసిన ప్రతి కొట్టు ఆసామీ తానో కార్పొరేట్ అధినేతననుకుంటున్నాడు. ఇన్ఫోసిస్ ఇచ్చే జీతం, ఆరోగ్య బీమా మాత్రం ఏ వీడియోలోనూ ఇతని కంట పడలేదు.

కంట పడనిది ఇంకొకటుంది. 1988 నాటి మన దుకాణాలు, సంస్థల చట్టంలో ఉద్యోగికి ఏటా పన్నెండు రోజుల వరకు జీతంతో కూడిన జబ్బు సెలవు ఉంది. అది క్యాజువల్ సెలవులు పన్నెండింటికీ అదనం. జగ్గయ్యపేటలో, నందిగామలో కౌంటరు వెనక నిలబడే ఎంతమందికి ఈ ముక్క తెలుసు? ఫ్యాక్టరీల సంగతీ అంతే. సెలవుకు పదిహేను రోజుల ముందు దరఖాస్తు పెట్టాలన్న 1948 చట్టమే, జబ్బు చేసినప్పుడు ఆ గడువు చూడకుండా, ఉన్న సెలవు ఇవ్వాలంది. జబ్బు ముందుగా చెప్పి రాదని ఆనాడు చట్టం రాసినవాళ్లకు తెలుసు. 2012లో సుప్రీంకోర్టు కృష్ణకాంత్ పర్మార్ కేసులో, కావాలని ఎగ్గొట్టినట్టు తేలకుండా గైరుహాజరును దుష్ప్రవర్తన అనడానికి లేదంది. ఆస్పత్రి పాలవడంలాంటి కారణాలు ఉండవచ్చని కూడా గుర్తుచేసింది.

ఈఎస్‌ఐ ఉందిగా అంటారు. ఉంది. నెలకు ఇరవై ఒక్క వేలు దాటని జీతగాళ్లకు, జబ్బు రోజులకు డెబ్బై శాతం వేతనం ఇస్తుంది. కానీ సాధారణంగా మొదటి రెండు రోజులకు ఏమీ ఇవ్వదు. మన జ్వరాలు చాలావరకు ఆ రెండు మూడు రోజులవే. పెద్ద ఈఎస్‌ఐ ఆస్పత్రి కావాలంటే విజయవాడ గుణదల పోవాలి. జగ్గయ్యపేట నుంచి జ్వరంతో హైవే బస్సెక్కి కీసర టోల్‌గేటు దాటుకుంటూ పోయేవాడి అవస్థ ఆ బస్సు కండక్టర్లకు తెలుసు.

చెప్పాపెట్టకుండా మానేయమని నేను అనడం లేదు. జయంతిపురం, ముక్త్యాల వైపు సిమెంటు ఫ్యాక్టరీల్లో షిఫ్టుకు మనిషి రాకపోతే ముందు షిఫ్టువాడు ఇంటికి పోలేడు. కబురు చేయడం తోటివాడి పట్ల ధర్మం. కబురు చేయడం వేరు, రుజువు చూపించడం వేరు. ఈ తేడా మిరపకోతల ముఠాలకు తెలుసు. వత్సవాయి వైపు చేలకు తెల్లారకముందే ఆటోల్లో బయల్దేరే ఆడవాళ్లలో ఒకామెకు ఒళ్లు కాలితే, రాత్రే పక్కింటి పిల్లాడితో "రేపు నేను రాను వదినా" అని కబురంపుతుంది. ముఠా పెద్ద తెల్లారేసరికి ఇంకో మనిషిని చూసుకుంటుంది. ఏ జ్వరం, ఎంత జ్వరం అని ఎవరూ అడగరు. కూలి పోతుంది, ఆమెకు ఏ చట్టమూ సెలవు ఇవ్వలేదు, అది వేరే అన్యాయం. కానీ ఆమెను దొంగలా ఎవరూ చూడరు.

బ్రిటన్‌లో వారం దాకా జబ్బుకు డాక్టరు చీటీ అక్కర్లేదు, ఉద్యోగి మాటే చాలు. అక్కడ పనిచేస్తున్న మన నందిగామ కుర్రాళ్లు ఆ పద్ధతిలోనే సెలవులు పెడుతున్నారు, ఆ దేశమేమీ మూతపడలేదు. మనకు వారం కాకపోతే మూడు రోజులు పెట్టుకుందాం. కబురు గ్రూపులో కాదు, ఒక్క మనిషికి చేరాలి. నాలుగో రోజు నుంచి చీటీ అడగండి. ఆ మూడు రోజులకు ఇంకో మనిషిని సర్దడం జీతం ఇచ్చేవాడి పని.

అయితే ఎగ్గొట్టేవాడి మాటేమిటంటారా? వాడికి మీ నియమం బాగా అచ్చొచ్చింది. అదే గ్రూపులో ఒకడు నిరుడు శ్రావణంలో తీయించుకున్న సెలైన్ ఫొటోను ఈ ఏడాది రెండుసార్లు పెట్టాడు. సూపర్‌వైజరు రెండుసార్లూ బొటనవేలు ఎత్తాడు.