పాత ఊలు, పసివాని బొమ్మ

దానం అనగానే మన మనస్సు ముందుగా ఇంట్లో ఏమి మిగిలినదో వెదుకుతుంది. చిరిగిన చొక్కా, చక్రం ఊడిన బొమ్మబండి, రంగు వెలిసిన దుప్పటి, ఇవన్నీ "ఎవరికైనా ఇవ్వవచ్చునులే" అనే మూలకు చేరుతాయి. పుచ్చుకొన్నవాడు వంక పెడితే "పుణ్యానికి పుట్టెడు ఇస్తే పిచ్చకుంచమని పోట్లాడినట్లు" అనే సామెత మనకు సిద్ధంగానే ఉన్నది. ఆ కుంచం నిజంగా పిచ్చదా, కాదా అని కొలిచి చూచినవారు మాత్రం లేరు. పసిపిల్లల విషయంలో ఆ కొలత చూడవలసిన బాధ్యత ఇచ్చేవారిదే. ఎందుకనగా పసివాడు పోట్లాడనైనా పోట్లాడలేడు.

పాత ఊలు సేకరించి, దానితో చిన్న చిన్న బొమ్మలు అల్లి, ఆసుపత్రులలోను ఆశ్రమాలలోను ఉన్న పిల్లలకు పంచే అలవాటు ప్రపంచంలో అనేక దేశాలలో కలదు. మన కళాశాల కూడా ఈ పనిని చేపట్టదగునని మా అభిప్రాయం. అయితే అది ఏ విధంగా చేస్తే దానమవుతుంది, ఏ విధంగా చేస్తే చెత్త వదిలించుకొనడం అవుతుంది అన్నదే మేము ఇక్కడ విచారింపదలచిన విషయం.

నూలుపని మన ఊరికి పరాయిది కాదు. ఓరుగల్లు తివాచీలు 1851లో లండనులో జరిగిన మహా ప్రదర్శనలో చోటు సంపాదించుకొన్నవి. 1934లో నెలకొన్న ఆజంజాహి మిల్లు 2002లో మూతపడేవరకు ఈ పట్టణంలో ఎన్నో ఇండ్ల పొయ్యి వెలిగించినది. కొత్తవాడ మగ్గాల మీద నేసే జంపఖానాలకు, ఉర్దూలో మనం షత్రంజీలనేవాటికి, 2018లో భౌగోళిక గుర్తింపు లభించినది. ఇటువంటి ఊరిలో చదువుకొనే విద్యార్థికి పడుగు ఏదో, పేక ఏదో తెలియకపోవడమే విచారింపదగిన సంగతి.

అల్లికపని మన చరిత్రకు కూడా దూరం కాదు. నేటికి మిగిలియున్న ప్రాచీనమైన అల్లిక వస్త్రాలలో పెక్కు ఈజిప్టులో ముస్లిముల పాలనాకాలానికి చెందిన నూలు అల్లికలే. స్పెయినులోని బుర్గోస్ నగరంలో 1275లో మరణించిన ఒక క్రైస్తవ రాకుమారుని సమాధిలో పట్టుదారంతో అల్లిన దిండు గలీబులు దొరికినవి. అవి ముస్లిం పనివారి అల్లికలని చరిత్రకారులు నిర్ణయించినారు. ఒక గలీబు అంచున కూఫీ లిపిలో 'బరకత్' అనే అర్థమిచ్చే అరబ్బీ మాట ఉన్నది. ఒక మతంవారి చేతిపని మరొక మతం రాజకుమారుని తలక్రింద శుభవచనమై నిలిచినదన్న మాట. ఉర్దూ, తెలుగు పక్కపక్కన వినిపించే మన కళాశాలకు ఇంతకంటె మంచి దృష్టాంతం అక్కరలేదు.

అంతకంటె దగ్గరి దృష్టాంతం ఇంకొకటి కలదు. మదీనాలో ఆషూరా ఉపవాసం నాడు తల్లులు పిల్లలచేత కూడా ఉపవాసం పాటింపజేసేవారనీ, పిల్లలు ఆకలికి ఏడ్చినపుడు ఊలుతో చేసిన ఆటవస్తువులను ఇచ్చి ఇఫ్తారు వేళవరకు మరపించేవారనీ హజ్రత్ రుబయ్యి బిన్తె ముఅవ్విజ్ చెప్పిన హదీసు బుఖారీలోను ముస్లింలోను ఉన్నది. ఊలుబొమ్మ ఆకలిని తీర్చదు. కాని కష్టమైన ఒక ఘడియను దాటించగలదు. ఆ తల్లులకు తెలిసిన ఈ భేదాన్ని మనం కూడా గుర్తుంచుకొంటే, ఈ పనికి గల విలువ ఎంతో, హద్దు ఏదో రెండూ అర్థమవుతాయి.

ఇక ఊలు ఎక్కడ దొరుకుతుంది? తెలుగుదేశంలో చలికాలం స్వల్పం. ఏడాదికి రెండు నెలలు తొడిగిన స్వెట్టరు పది నెలలు పెట్టెలో ఉంటుంది. పిల్లవాడు రెండేండ్లలో దానిని మించి పెరుగుతాడు. పాతబట్టలకు స్టీలు గిన్నెలు ఇచ్చేవారి మూటలోకి అది చేరకముందే మన చేతికి రావాలి. పాత ఊలును మరల ఊలు చేయడం తక్కువ పని కాదు. హర్యానాలోని పానిపట్టులో పాశ్చాత్య దేశాల పాత ఉన్ని బట్టలను చీల్చి, నూలు వడికి, దుప్పట్లు నేసే గొప్ప పరిశ్రమయే ఉన్నది.

అయితే ప్రతి స్వెట్టరూ పనికిరాదు. ముందుగా ప్రక్కకుట్టును పరీక్షించవలెను. ముక్కలు కత్తిరించి ఓవర్‌లాక్ మిషను మీద కుట్టినదైతే, విప్పినపుడు వరుస వరుసకు దారం తెగివస్తుంది. అంచులు తెగకుండా అల్లి కలిపినదైతే, కుట్టు విడదీసిన తరువాత దారం ఏకధాటిగా వస్తుంది. చేతితో అల్లినవి అన్నిటికంటె మేలు. ఉతుకులో మగ్గి, అట్టవలె బిగిసిన ఉన్ని ఎంతమాత్రం విడిరాదు. సాధారణంగా స్వెట్టరును క్రిందినుండి పైకి అల్లుతారు కనుక మెడవైపునుండి విప్పవలెను. విప్పిన దారాన్ని కుర్చీ వీపునకు చుట్టి, చిలపగా చేసి, నాలుగుచోట్ల వదులుగా కట్టి, గోరువెచ్చని సబ్బునీట ముంచి, కొద్ది బరువు వ్రేలాడదీసి నీడన ఆరవేస్తే మెలికలు సాగిపోతాయి. పురుగు తిన్న ఊలును, మురిగిన వాసన గల ఊలును నిర్దాక్షిణ్యంగా పక్కన పెట్టవలెను. ఒక చిన్నపిల్లవాని స్వెట్టరు నుండి అరచేయంతటి బొమ్మలు నాలుగైదు వస్తాయి.

రెండవ ఆధారం మగ్గం. పడుగు చివరకు వచ్చినపుడు నేయడానికి వీలులేని కొంత నూలు ప్రతి మగ్గం మీదను మిగులుతుంది. నాలుగైదు పోగులను కలిపి పురిపెడితే అది అల్లికకు చక్కగా పనికివస్తుంది. మే నెలలో మండిపోయే మన ఊరిలో పసిపిల్లల చేతికి ఉన్నికంటె నూలే హాయి. కాని ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పవలసియున్నది. ఈ పోగులను చేనేతవారిని ఉచితంగా అడుగరాదు. మన కంటికి వృథాగా కనిపించే నూలు, కొని తెచ్చుకొన్న నేతగానికి పెట్టుబడిలో భాగం. పేదవాని నుండి ఉచితంగా పుచ్చుకొని మరొక పేదవానికి మన పేరుమీద ఇచ్చే దానం ఏమి దానం?

ఇంత శ్రమపడి బొమ్మ చేయడమెందుకు, బజారులో ఒకటి కొని ఇస్తే పోదా అని కొందరు అడుగవచ్చును. కొని ఇవ్వగలవారు తప్పక ఇవ్వవచ్చును. మందు కావలసిన బిడ్డకు బొమ్మ ఇచ్చి చేతులు దులుపుకొనడం కూడా తప్పే. కాని విద్యార్థి వద్ద ధనం లేదు, కాలం ఉన్నది. అతడు ఇవ్వగల ఉత్తమమైన వస్తువు అతని శ్రమయే. మీరైతే కన్నులు మూసుకొని గాని పుచ్చుకొనని నాసి వస్తువును దానానికి ఏరవద్దని ఖురాన్‌లోని బఖరా అధ్యాయం హెచ్చరిస్తున్నది. పాతదన్నంత మాత్రాన ఊలు నాసిది కాదు. శుభ్రం చేయని ఊలు, వదులుగా అల్లిన బొమ్మ, సగంలో విసుగెత్తి ముగించిన పని, ఇవి నాసివి. మిగులును దానంగా మార్చేది మన శ్రమ ఒక్కటే.

అందుచేత బొమ్మ నియమాలను కఠినంగానే పాటించవలెను. కన్నులకు గుండీలు, పూసలు కుట్టరాదు. మూడేండ్లలోపు బిడ్డ ప్రతి వస్తువును నోటిలో పెట్టుకొంటుంది, ఊడిన గుండీ గొంతులో అడ్డుపడుతుంది. కన్నులు, ముక్కు దారంతోనే కుట్టవలెను. పొడవాటి త్రాళ్ళు, రిబ్బన్లు ఉండరాదు. లోపలి దూది బయటకు రాకుండ సన్నని సూదులతో బిగుతుగా అల్లవలెను. చేతులు, కాళ్ళు గట్టిగా లాగి చూడవలెను. పూర్తియైన ప్రతి బొమ్మను ఒకసారి ఉతికి ఆరవేసి, ఆకారం చెడనిదానినే ఇవ్వవలెను. పదునాలుగేండ్లలోపు పిల్లల కొరకు అమ్మే బొమ్మలకు మనదేశంలో 2021 జనవరి 1 నుండి ఐ.ఎస్.ఐ. గుర్తు తప్పనిసరి అయినది. మనవి అమ్మకానికి కావు. అయినను డబ్బిచ్చి కొన్న బిడ్డకు ఉన్న రక్షణ ఉచితంగా పుచ్చుకొన్న బిడ్డకు లేకుండ పోరాదు గదా!

నెలలు నిండక పుట్టిన శిశువుల ప్రక్కన నూలుతో అల్లిన అష్టపాద బొమ్మను ఉంచే పద్ధతి 2013లో డెన్మార్కులో మొదలై అనేక దేశాలకు వ్యాపించినది. దాని ప్రయోజనం ఇంకను శాస్త్రీయంగా స్థిరపడలేదు. కనుక మన బొమ్మలను ఏ ఆసుపత్రికైనను వైద్యుల అనుమతి లేనిదే తీసికొనిపోరాదు. మొదట అంగన్‌వాడీ కేంద్రాలతో ప్రారంభించుట మేలని మా తలంపు. 1975 అక్టోబరు 2న మొదలైన సమగ్ర శిశు అభివృద్ధి పథకం క్రింద నడిచే ఈ కేంద్రాలలో మూడునుండి ఆరేండ్ల పిల్లలు ఆటపాటలతోనే చదువుకొంటారు. బొమ్మ వారికి పుస్తకం వంటిది.

బొమ్మ అనగానే ప్రతిమల విషయమై కొందరు పెద్దలకు సంకోచం కలుగవచ్చును. హజ్రత్ ఆయిషా బాల్యంలో బొమ్మలతో ఆడుకొన్న సంగతి హదీసులలో ఉన్నది. పిల్లల ఆటబొమ్మలకు అనుమతి చెప్పిన ధర్మవేత్తలు పలువురు కలరు. అయినను మనస్సు ఒప్పనివారు బంతి, పడవ, మామిడికాయ, చంద్రవంక అల్లవచ్చును. బిడ్డ వాటితోను అంతే సంతోషంగా ఆడుకొంటుంది.

ఇంతకూ అల్లేది ఎవరు? ఈ ప్రశ్న రాగానే అందరి చూపు విద్యార్థినుల వైపు తిరుగుతుంది. దీనికి మేము అంగీకరింపము. గోదావరి తీరాన నరసాపురం ప్రాంతంలో వేలాది స్త్రీలు తరతరాలుగా లేసు అల్లుతున్నారు. ఆ లేసు సముద్రాలు దాటి అమ్ముడుపోయినది. కాని వారి పనిని ఇల్లాలు తీరికవేళ చేసుకొనే కాలక్షేపంగా లెక్కగట్టినందువలన వారికి దక్కినది అత్యల్పమైన కూలి అని మరియా మీస్ 1982లో ప్రచురించిన తన గ్రంథంలో నిరూపించినారు. ఒక పనిని ఆడవారి కాలక్షేపమని పిలవడం దాని విలువను తగ్గించే మొదటి మెట్టు. తివాచీ నేసిన చేతులు, జంపఖానా నేసిన చేతులు మగవారివి కావా? సూది పట్టుకొన్నందువలన ఏ యువకుని గౌరవమూ తగ్గదు. జాతీయ సేవా పథకం క్రింద విద్యార్థులు ఏడాదికి 120 గంటలు సేవ చేయవలసియున్నది. ఈ అల్లిక గంటలను అందులో చేర్చి, బాలురకు బాలికలకు సమానంగా పంచితే న్యాయంగా ఉంటుంది.

కళాశాల కమిటీ పెద్దలకు మా విన్నపాలు నాలుగు. ఒకటి, ఊలు దాచుటకు తాళం గల ఒక అల్మారా, వచ్చినదానికి ఇచ్చినదానికి లెక్క వ్రాసే ఒక పుస్తకం. రెండు, వారానికి ఒక గంట, అల్లిక తెలిసిన తల్లులను, నానమ్మలను గురువులుగా పిలిచి, వారికి తగిన పారితోషికం. మూడు, దూదికి, మగ్గం పోగుల వెలకు కొద్ది మొత్తం. నాలుగవది ఖర్చులేనిది గాని అన్నిటికంటె కష్టమైనది. బొమ్మలను కేంద్రంలోని టీచరు చేతికి ఇచ్చి రావలెను. పిల్లలను వరుసగా నిలబెట్టి, బొమ్మ పట్టించి, ఫోటో తీయరాదు. కుడిచేయి ఇచ్చినది ఎడమచేతికి తెలియరాదని మనమే బోధిస్తూ, మరుసటి ఉదయం పత్రికలో మన బొమ్మ చూచుకొనడం తగదు. ఆ ఫోటోలో తలవంచుకొన్న బిడ్డ రేపు పెద్దదై మన కళాశాలలోనే చేరవచ్చును.

విద్యార్థినీ విద్యార్థులకు ఒక్క మాట. గట్టిగా వడికిన నూలును తానే పోగులు పోగులుగా విప్పివేసుకొన్న స్త్రీ ఉపమానం ఖురాన్‌లోని నహల్ అధ్యాయంలో ఉన్నది. అది ఒడంబడిక నిలుపుకొనని వారిని గురించి చెప్పినది. మనం స్వెట్టరు విప్పేది మరల అల్లడానికే కనుక ఆ నింద మనకు అంటదు. కాని జూలైలో ఉత్సాహంగా విప్పి, డిసెంబరు నాటికి ఉండలను అల్మారాలో మరచిపోతే ఆ ఉపమానం మనకే చెల్లుతుంది. కనుక నూరు బొమ్మలకు మాట ఇచ్చి పది చేయుటకంటె, పదింటికి మాట ఇచ్చి పదీ చక్కగా పూర్తిచేయుట మేలు. ఈ విద్యాసంవత్సరంలో ఒక్క అంగన్‌వాడీ కేంద్రంలోని పిల్లలకు మాత్రమే, ఒక్కొక్కరికి ఒక్కొక్కటి, లోపం లేకుండ అల్లి ఇవ్వగలిగితే, మన ఊరి నూలుకు, మన చదువుకు, రెండింటికీ బరకత్ కలుగుతుందని మా విశ్వాసం.